ఏ గడిలోనూ లేని ముప్పై తొమ్మిది కార్డులు

ఎల్బియా ఒలాసో ఎవరినీ నమ్మేది కాదు. అలాగని ఎవరితోనూ పోట్లాట పెట్టుకునేదీ కాదు. ఉదయం ఎనిమిదిన్నరకల్లా ఆఫీసుకొచ్చేది. చంకలో మాతే ఆకు కషాయం కోసం వేడినీళ్ళ ఫ్లాస్కు, మోచేతికి గొడుగు. కోటు విప్పకుండానే కంప్యూటరు తెరిచి, బోర్డు మీద కార్డులు వేలితో చూపిస్తూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టేది. లెక్క సరిపోయాకే కోటు కొక్కేనికి తగిలించేది.

"ఏం ఎల్బియా, ఎవరైనా ఎత్తుకుపోయారా?" అని మాతో పనిచేసే విల్మార్ రోజూ అడిగేవాడు.

"ఎత్తుకుపోయేవాడు నాతో చెప్పి పోతాడా? నీ కార్డు మూడు రోజుల్నుంచీ కదల్లేదు. ముందు దాని సంగతి చూడు."

మాది మొంతెవిదేయో రేవు దగ్గర, ఒకప్పటి ఉన్ని గోదాము పై అంతస్తులో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఇరవై మందిమి. ఆపరేషన్ అయినవాళ్ళు కోలుకునేదాకా ఉండే క్లినిక్కులకి పనికొచ్చే ప్రోగ్రాం తయారుచేసేవాళ్ళం. ఏ రోగికి ఏ మందు ఏ వేళకి ఇవ్వాలో నర్సు చేతిలోని ట్యాబ్ చెబుతుంది. మందు ఇచ్చాక నర్సు తెర మీద వేలితో నొక్కితే 'ఇచ్చేశాం' అని నమోదవుతుంది. పని ఇంతే. కాని ఈ ఇంతకే వందలకొద్దీ చిన్న పనులుంటాయి. ఒక్కో పనికి ఒక్కో కార్డు. ఆ కార్డులన్నీ బోర్డు మీద నిలువు గడుల్లో ఉంటాయి: చేయాల్సినవి, చేస్తున్నవి, పరీక్షలో ఉన్నవి, అయిపోయినవి. పని సాగేకొద్దీ కార్డు ఎడమ గడి నుంచి కుడి గడికి జరుగుతుంది.

ఆ బోర్డు ఎల్బియాది. ఏ గడి ఉండాలో, దాని పేరేమిటో, ఏ కార్డు ఏ గడి నుంచి ఏ గడికి పోవచ్చో ఆమే నిర్ణయించేది. ప్రోగ్రాం రాయడం ఆమెకి రాదు. యాభై ఏళ్ళకి దగ్గరపడ్డాక మా దగ్గర చేరింది. అంతకుముందు పంతొమ్మిదేళ్ళు ఒక రక్తపరీక్షల ల్యాబులో గొట్టాలు అందుకునే బల్ల దగ్గర పనిచేసింది. ఆ ల్యాబుని ఇంకెవరో కొనుక్కుని, సగం మందిని ఇంటికి పంపించేశారు. మేం ఆమెని మొదట ఫోన్లెత్తడానికి తీసుకున్నాం. ఆరో నెలలో బోర్డు ఆమె చేతికి వెళ్ళింది. ఎవరూ ఇవ్వలేదు, ఆమే తీసుకుంది.

"గొట్టం స్టాండులో ఉంటే దాని గతేమిటో తెలుస్తుంది. స్టాండులో లేని గొట్టం అంటేనే నాకు భయం," అనేది.

మాకందరికీ సొంత గడి కావాలనే పిచ్చి ఉండేది. విల్మార్‌కి 'దాదాపు అయిపోయినవి' అనే గడి కావాలి. మా మేనేజరు ఎస్తేబన్ బరెయిరోకి 'క్లయింటు చూస్తున్నవి' కావాలి. నాకు 'ఆలోచిస్తున్నవి' కావాలి.

"ఆలోచిస్తున్నావా? ఎవరి గురించి?" అని నన్నడిగింది ఎల్బియా. అందరూ నవ్వారు. గడి మాత్రం రాలేదు.

ఇక్కడో చిన్న సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ప్రతి కార్డుకీ ఒక స్టేటస్, అంటే పని ఏ దశలో ఉందో చెప్పే పేరు, ఉంటుంది. ఆ స్టేటస్ బోర్డు మీద ఏ గడిలో కనిపించాలో ఎవరో ఒకరు కలపాలి. స్టేటస్‌ని తయారుచేసి ఏ గడికీ కలపకుండా వదిలేస్తే, ఆ స్టేటస్ పెట్టిన కార్డు బోర్డు మీద కనిపించదు. చెరిగిపోదు, ఎక్కడో ఉంటుంది. వెతికితే దొరుకుతుంది. కాని వెతకాలని ఎవరికి తోస్తుంది?

ఆ ఏడు ఏప్రిల్‌లో ఎల్బియా కంటి శుక్లం ఆపరేషన్‌కి సెలవు పెట్టి దురాస్నో ఊళ్ళో అక్క ఇంటికి వెళ్ళింది. అయిదు వారాలు బోర్డుకి కాపలా లేదు. ఆమె తిరిగొచ్చేసరికి మే సగం అయింది, రేవు గాలి కిటికీ సందుల్లోంచి ఈలలేస్తోంది. ఆ శుక్రవారమే ఆరు క్లినిక్కులకి మా ప్రోగ్రాం అప్పగించాలి. అప్పటిదాకా ఒక్క క్లినిక్కులో ప్రయత్నంగా నడుస్తోంది.

సోమవారం పొద్దున ఆమె వచ్చి కంప్యూటరు తెరిచింది. లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. ఆ రోజు మధ్యాహ్నందాకా కోటు విప్పలేదు.

బోర్డు అద్దంలా ఉంది. ఎడమ గడుల్లో నాలుగో అయిదో కార్డులు, మిగతావన్నీ కుడివైపు 'అయిపోయినవి'లో. ఎస్తేబన్ ఆ సంతోషంలో మూలమీది బేకరీ నుంచి పెద్ద పొట్లం నిండా చక్కెర అద్దిన బిస్కోచో బన్నులు తెచ్చాడు. అందరం వేళ్ళకంటిన చక్కెర నాకుతున్నాం. ఎల్బియా ముట్టుకోలేదు.

"తినవేం ఎల్బియా? కన్నుకి పథ్యమా?" అన్నాడు ఎస్తేబన్.

"కన్నుకి కాదు. ఇంత శుభ్రంగా ఎలా ఉంది ఇది?"

"పనిచేశాం కదా!"

"నేనుండగా ఎప్పుడూ చెయ్యనంత పని నేను లేనప్పుడు చేశారా?"

అది వేళాకోళమనుకుని ఎస్తేబన్ నవ్వేశాడు. నేను నవ్వలేదు. నా చేతిలో బిస్కోచో సగం కొరికింది అలాగే ఉండిపోయింది.

ఎల్బియా బోర్డు పక్కన పెట్టి మొత్తం జాబితా తెరిచింది. జాబితాలో మూడువందల పన్నెండు పనులు. బోర్డు మీద రెండువందల డెబ్బై మూడు కార్డులు. కాగితం మీద తీసివేత వేసి, ఆ అంకె చుట్టూ పెన్సిలుతో గుండ్రంగా గీసింది: ముప్పై తొమ్మిది.

అవన్నీ ఒకే స్టేటస్‌లో ఉన్నాయి. దాని పేరు 'విశ్రాంతి'. అది ఏ గడికీ కలిపి లేదు.

నా పేరు మిల్టన్. ఎల్బియా వెనక బల్ల నాది. 'విశ్రాంతి' సంగతి నాకు మూడు వారాల ముందే తెలుసు. ఒకరోజు ఏదో కార్డు స్టేటస్ మార్చబోతుంటే జాబితాలో ఆ పేరు కనబడింది. ఎప్పుడూ చూడని పేరు. ఏమిటో చూద్దామని నొక్కాను. కార్డు బోర్డు మీంచి మాయమైంది. కంగారుపడి వెతికి పట్టుకున్నాను. తిరిగి బయటికి తీద్దామనుకున్నాను కూడా. కాని ఆ కార్డు పది రోజులుగా నా ప్రాణం తోడేస్తోంది. అది కనబడకపోయేసరికి పొద్దున సమావేశంలో దాని గురించి నన్నెవరూ అడగలేదు. మర్నాడూ అడగలేదు. దాంతో ఇంకోటి పంపాను. తర్వాత ఇంకోటి. మొత్తం అయిదు. ఆ చోటు నాకొక్కడికే తెలుసనుకున్నాను.

ఎల్బియా పెన్సిలుతో గీసిన ఆ అంకెని నేను ఆమె భుజం మీంచి చూశాను. ముప్పై తొమ్మిది! అయిదు కాదు. మిగతా ముప్పై నాలుగూ ఎవరివి? నా భయం ఒక పక్కన ఉండగానే మిగతా అందరి మీదా నాకు అనుమానం మొదలైంది.

"మిల్టన్, ఇలా రా," అంది ఎల్బియా, వెనక్కి తిరక్కుండానే. "ఈ స్టేటస్ ఎవరు తయారుచేశారో ఇక్కడ రాసుంది. చదివి చెప్పు. కన్ను కొత్తది, దాన్నింకా నేను నమ్మట్లేదు."

తెర మీద మార్పుల చిట్టా ఉంది. ఏప్రిల్ ఎనిమిది, బుధవారం, పగలు పదకొండు నలభై. ఆ పక్కన పేరు.

"నీ పేరే ఉంది ఎల్బియా."

"అదే నాకూ కనబడుతోంది." తెరకి ఇంకాస్త దగ్గరగా వంగింది. "నేను చెయ్యలేదు. నేను చేస్తే గడికి కలపకుండా ఎందుకు వదుల్తాను? పసిపిల్ల చేసే పని అది. నా పేరు మీద ఎవరో లోపలికొచ్చారు."

నేను అప్పుడే చెప్పెయ్యాల్సింది. ఆ స్టేటస్ ఎవరు చేశారో నాకు తెలియదు కాని, దాన్ని వాడుకున్నాను అని. నోరు తెరిచాను కూడా. "బహుశా పొరపాటున..." అన్నానంతే.

ఆమె నా మొహంలోకి చూసింది. "పొరపాటున ముప్పై తొమ్మిదా?"

గంటసేపు ఆఫీసంతా తిరిగింది. ఎనిమిదో తారీఖున ఎవరెవరు వచ్చారు, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, తను ఫ్లాస్కులో నీళ్ళు నింపుకోడానికి వంటగదిలోకి వెళ్ళినప్పుడు తన కుర్చీ దగ్గర ఎవరున్నారు. మాటలన్నీ మామూలుగానే ఉన్నాయి. కాని ఒక్కొక్కరూ జవాబు చెప్పి, ఆమె వెళ్ళిపోయాక పక్కవాడి వైపు ఓరగా చూడడం నాకు కనబడుతూనే ఉంది. అంతదాకా ఒకే గిన్నెలో మాతే తాగినవాళ్ళం, గిన్నె చేతులు మారడం ఆగిపోయింది.

చివరికి ఆమె అనాయీ దగ్గర ఆగింది. అనాయీ మా టెస్టరు. బ్రెజిల్ సరిహద్దు దగ్గర రివేరా నుంచి వచ్చిన పిల్ల, మేం రాసిన ప్రోగ్రాంలో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. ఏప్రిల్ మొదట్లో తన కంప్యూటరు రిపేరుకి పోతే రెండు రోజులు ఎల్బియా కంప్యూటరు మీదే పనిచేసింది.

"ఆ రెండు రోజులూ నా పేరు మీదే లోపలికెళ్ళావు కదూ?" అంది ఎల్బియా.

"అవును. నువ్వే తెరిచి ఇచ్చావు. అయితే?"

"బోర్డు అమరికల్లో వేలు పెట్టావా?"

అనాయీ చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. "సూటిగా అడుగు ఎల్బియా. దొంగవా అని అడుగు."

"ఎవరో దాచారు. నీ చేతికి అందినంత దగ్గరగా ఎవరి చేతికీ అందలేదు. అంతే నేనంటోంది."

"అందరి ముందూ అన్నావుగా. సరే." ఆ పిల్ల కళ్ళు దించలేదు. "ట్యాబ్ మందు రెండుసార్లు ఇవ్వమంటోందని నేను పెట్టిన ఫిర్యాదు మూడు వారాల నుంచీ ఎక్కడుందో నాకే తెలీదు. మిల్టన్‌ని రెండుసార్లు అడిగా, చూస్తున్నా అన్నాడు. అది కూడా నేనే దాచుకున్నానా?"

ఎల్బియా నా వైపు తిరిగింది. నేను ఫోన్ చూసుకుంటున్నట్టు తల దించుకున్నాను. ఆ రోజు నేను చేసిన అన్నిటిలోకీ సిగ్గుమాలిన పని అదే.

భోజనాల తర్వాత ఎల్బియా తన కుర్చీలో కూర్చుంది. ముప్పై తొమ్మిది కార్డులూ ఒక్కొక్కటే తెరిచింది. ప్రతి కార్డు అడుగునా దాన్ని ఎవరు ఏ రోజు ఏ స్టేటస్‌కి మార్చారో రాసి ఉంటుంది. ఎవరైనా చూడొచ్చు, ఎవరూ చూడరు. తెరవడం, చదవడం, నోట్‌బుక్కులో ఒక గీత గియ్యడం. మొదటి అయిదారు కార్డులు చకచకా చూసింది. తర్వాత నెమ్మదించింది. ఒక కార్డు దగ్గర పెన్సిలు కింద పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అది నా కార్డని నాకెందుకో తెలిసిపోయింది.

నాలుగింటికి అందరినీ గోడ మీది పెద్ద తెర ముందుకి పిలిచింది. ఎస్తేబన్ చేతిలో ఫోను పట్టుకుని, "అయిదు నిమిషాలే ఎల్బియా, క్లయింటు లైన్లో ఉన్నాడు," అన్నాడు.

"రెండు చాలు."

తెర మీద మా బోర్డు ఉంది, ఎడమవైపు ఖాళీగా, ముచ్చటగా. ఎల్బియా అమరికల్లోకి వెళ్ళి చివర కొత్త గడి ఒకటి చేర్చి, 'విశ్రాంతి' స్టేటస్‌ని తీసుకెళ్ళి దాని కింద పెట్టింది. అంతే. బోర్డు ఒకసారి రెపరెపలాడింది. ముప్పై తొమ్మిది కార్డులూ గడి నిండా పైనుంచి కిందికి వచ్చి కూర్చున్నాయి. ప్రతి కార్డు మూలలోనూ దాని బాధ్యుడి చిన్న ఫోటో. మా ఫోటోలే. అందరివీ. అందరూ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న ఫోటోలు.

"పధ్నాలుగు విల్మార్‌వి," అంది ఎల్బియా, నోట్‌బుక్కు చూసి. "మూడు ఎస్తేబన్‌వి. అయిదు మిల్టన్‌వి. మిగతావి ఎవరివో మీకే కనబడుతున్నాయి. అందరూ ఎవరికి వారే పంపుకున్నారు. ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోలేదు. నేను పొద్దుట్నుంచీ ఒక్క దొంగ కోసం వెతుకుతున్నా."

విల్మార్ ఏదో వేళాకోళం చెయ్యబోయి మానేశాడు.

"ఇంకోటి. ఈ స్టేటస్ చేసింది నేనే. ఇందాకే గుర్తొచ్చింది. సెలవుకి ముందు రోజు ఎస్తేబన్ క్లయింటుకి చూపించడానికి నమూనా బోర్డు ఒకటి కావాలన్నాడు. హడావిడిగా చేసిచ్చా. నమూనా బోర్డు తీసేశా, స్టేటస్ తియ్యడం మరిచిపోయా. రెండు బోర్డులకీ స్టేటస్‌ల జాబితా ఒకటే. అంచేత ఇక్కడ కూడా వచ్చి కూర్చుంది." అనాయీ వైపు తిరిగింది. "అమ్మాయ్, పొద్దున నీ మీద వేసిన నింద అందరి ముందూ వేశాను. అందరి ముందే వెనక్కి తీసుకుంటున్నా. తప్పు నాది."

అనాయీ ఆమె వైపు చూడటం లేదు. గడిలో పైనుంచి ఏడో కార్డు చూస్తోంది. అది తను రాసిన ఫిర్యాదే. మూలలో నా ఫోటో.

"మిల్టన్," అంది. "చూస్తున్నా అన్నావు కదా?"

"మూడుసార్లు ప్రయత్నించా, నా దగ్గర అలా జరగలేదు," అన్నాను. "నువ్వు పొరబడ్డావేమో అనుకున్నా."

"అయితే అలాగని రాసి నాకు తిప్పి పంపాలి. దాచడమేమిటి?"

నేను తెర మీది నా ఫోటో వైపు చూశాను.

ఎస్తేబన్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "సరే, అందరం తప్పు చేశాం. ఈ వారం అప్పగింత అయిపోనీండి, పైవారం ఇవన్నీ చూద్దాం. ఎల్బియా, ఆ గడి తీసెయ్. రేపు క్లయింటు బోర్డు చూస్తాడు."

"తియ్యను."

"తియ్యవా?"

"ఇందులో ట్యాబ్ మందు రెండుసార్లు ఇవ్వమంటోందనే కార్డుంది. రక్తాన్ని పలచన చేసే మాత్ర ఇంకోసారి మింగితే ఏమవుతుందో నాకు తెలుసు, పంతొమ్మిదేళ్ళు ఆ రక్తమే చూశా. ఆ కార్డు సంగతి తేలేదాకా ఈ గడి ఇక్కడే ఉంటుంది."

"నువ్వు బోర్డు చూసుకో ఎల్బియా. కంపెనీని నేను చూసుకుంటా."

"బోర్డు చూసుకోబట్టే చెప్తున్నా."

ఎస్తేబన్ మొహం ఎర్రబడింది. "అసలు గొయ్యి తవ్వింది నువ్వు. నీ తప్పు బయటపడేసరికి మా అందరి మీదా పడ్డావు. నాకూ అనుమానాలుంటాయి, తెలుసా?"

ఆ సాయంత్రం ఆఫీసు మూసేలోగా ఆమెకి బోర్డు మీద ఉన్న అధికారాలన్నీ తీసేశాడు. గడి తియ్యడం మాత్రం ఆయనకి చేతకాలేదు. నన్ను తీసెయ్యమన్నాడు. తలనొప్పిగా ఉందని ఇంటికెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున అనాయీ పాసో మొలీనో పేటలోని క్లినిక్కుకి బయల్దేరింది. ప్రోగ్రాం ప్రయత్నంగా నడుస్తున్నది అక్కడే. నేనూ వస్తానన్నాను. బస్సు స్టాపులో చూస్తే గొడుగు పట్టుకుని ఎల్బియా ముందే నిలబడి ఉంది.

"నువ్వెందుకు ఎల్బియా?" అంది అనాయీ. పొడిగా.

"మీరిద్దరూ ఏం చూశామని చెప్తారో నాకెలా తెలుస్తుంది? నేనూ చూస్తా."

బస్సులో ముగ్గురం మూడు సీట్లలో కూర్చున్నాం.

క్లినిక్కులో సుల్మా అనే పెద్ద నర్సు మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళింది. పొడుగాటి వసారా, అటూ ఇటూ గదులు. చివరి రెండు గదులూ పాత ఇంటి వెనక భాగంలో ఉన్నాయి, గోడలు మూరెడు మందం. అక్కడికి వెళ్ళేసరికి ట్యాబ్‌లో నెట్ పోయింది. సుల్మా ఒక రోగికి మాత్ర ఇచ్చి తెర మీద నొక్కింది. 'ఇచ్చేశాం' అని ఆకుపచ్చగా వచ్చింది. వెనక్కి నడిచి వసారా మధ్యకి వచ్చాం, నెట్ వచ్చింది. తెర ఒకసారి మినుకుమంది. ఆకుపచ్చ పోయి ఎర్రగా వచ్చింది: 'పదింటి మందు ఇవ్వలేదు.'

నేను ఆఫీసులో నా బల్ల దగ్గర కూర్చుని, ఎప్పుడూ పోని నెట్‌తో మూడుసార్లు ప్రయత్నించాను! నెట్ తిరిగి రాగానే పాత సమాచారం వచ్చి కొత్తదాని మీద కూర్చుంటోంది.

"ఇలా ఎన్నాళ్ళ నుంచి అవుతోందండీ?" అని అడిగాను.

"మొదట్నించీ," అంది సుల్మా తాపీగా.

"మరి... ఎవరికైనా రెండోసారి..."

"ఎందుకిస్తాం నాయనా?" ఏప్రన్ జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. పేర్లు, వేళలు, ఎదురుగా పెన్నుతో అడ్డగీతలు. "మీ యంత్రం వచ్చిన రోజునే నేను మా అమ్మాయిలకి చెప్పా, దీంట్లో నొక్కండి, కాని నమ్మకండి, ఇక్కడ కూడా రాయండి అని. ఈ సంగతి మీ ఈ కుర్రదానికి ఫోన్లో చెప్పాను కూడా. మీరు వస్తారేమో అని చూశాం. రాలేదు. మీ పని ఇంతేలే అనుకున్నాం."

ఎల్బియా ఆ కాగితాన్ని రెండు చేతుల్తో పట్టుకుని చాలాసేపు చదివింది. తిరిగి ఇచ్చేటప్పుడు, "ఇది పారెయ్యకండి. మేం బాగుచేశామని చెప్పినా పారెయ్యకండి," అంది.

"పారేస్తామా?" అంది సుల్మా. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్న తీరు చూసి నేను పక్కకి జరిగాను.

వసారాలో జరిగిందంతా అనాయీ ఫోన్లో తీసింది. మధ్యాహ్నం అది ఎస్తేబన్‌కి చూపించాం. ఒకసారి చూశాడు. రెండోసారి చూశాడు. తలుపు వేసుకుని క్లయింటుకి ఫోన్ చేశాడు. ఎల్బియా వెళ్ళి ఆ తలుపు పక్కన నిలబడింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాను.

"నెట్ బాగాలేదంటాడో, మా తప్పంటాడో వింటున్నా."

లోపలినుంచి ఎస్తేబన్ గొంతు స్పష్టంగానే వినబడింది. "తప్పు మాదే. మూడు వారాలు ఆగాలి." ఎల్బియా తల ఊపి తన కుర్చీ దగ్గరికి పోతూ, "ఇంత తొందరగా ఒప్పుకున్నాడంటే ఇంకేదో ఉండుంటుంది," అని గొణిగింది. ఇంకేమీ లేదు. ఎస్తేబన్ చెడ్డవాడు కాదు, శుక్రవారం అంటే భయపడ్డాడు, అంతే. మర్నాడు ఆయనే వచ్చి ఆమె అధికారాలు తిరిగి ఇచ్చాడు.

ఆమె సగమే తీసుకుంది. "ఒక్కరి చేతిలో ఉండకూడదు. నేను చేసింది ఇంకొకళ్ళు చూడాలి. కొత్త స్టేటస్ ఏదైనా ఇద్దరు ఒప్పుకుంటేనే," అంది. ఆ రెండో మనిషి ఎవరని అడిగితే అనాయీ పేరు చెప్పింది. అనాయీ ఒప్పుకుంది కాని రెండు వారాలపాటు ఎల్బియాతో పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఎల్బియా మాతే గిన్నె చాపితే తల అడ్డంగా ఊపేది. ఒక వాన రోజున విల్మార్ వాళ్ళావిడ తోర్తా ఫ్రీతాలని నూనెలో వేయించే రొట్టెలు చేసి పంపింది. అందరం వంటగదిలో నిలబడి వేడివేడిగా తింటుంటే ఎల్బియా మళ్ళీ గిన్నె చాపింది. అనాయీ తీసుకుని తాగింది.

"చప్పగా ఉంది. ఆకు మార్చు," అంది తిరిగిస్తూ.

"మారుస్తా," అంది ఎల్బియా. ఎదురు చెప్పకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

మూడు వారాల్లో ముప్పై తొమ్మిది కార్డులూ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. కొన్ని నిజంగానే పనికిమాలినవి, వాటిని అందరి ముందూ చదివి కొట్టేశాం. మందు కార్డు బాగుచెయ్యడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. పరీక్షించడానికి అనాయీ ఆఫీసులో కూర్చోలేదు, మళ్ళీ పాసో మొలీనో వెళ్ళి ఆ మందపాటి గోడల మధ్య అటూ ఇటూ తిరిగింది. ప్రోగ్రాం ఆరు క్లినిక్కులకీ జూన్‌లో వెళ్ళింది. 'విశ్రాంతి' స్టేటస్ తీసేశారు.

నా సంగతి వేరు. నన్ను ఎల్బియా ఒక్క మాట కూడా అనలేదు. కాని ఆ రోజు నుంచీ రోజూ పొద్దున బోర్డు లెక్క అయ్యాక నా కార్డులు ఒక్కొక్కటీ తెరిచి, అడుగున ఉన్న చరిత్ర చదివేది. నా వెనక కాదు, నా కళ్ళెదుటే. మొదట నాకు ఒళ్ళు మండేది. ఒకసారి ఉండబట్టలేక, "ఇంకా ఎన్నాళ్ళు ఎల్బియా?" అని అడిగాను.

"నీకు ఇబ్బందిగా ఉందా?"

"ఉంది."

"ఉండనీ," అంది.

ఇంకో మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యింది. ఆ మూడేళ్ళలో నేను ఏ కార్డూ దాచలేదు. మంచివాణ్ణయ్యానని చెప్పను. ఎవరో చదువుతున్నారని తెలిస్తే చెయ్యి జాగ్రత్తగా కదులుతుంది. కొన్నాళ్ళకి అది అలవాటైపోయింది. ఆమె ఎప్పుడైనా నన్ను నమ్మిందా అన్నది నాకు తెలియదు. వెళ్ళే రోజున అందరినీ బుగ్గ మీద ముద్దుపెట్టుకుంది, నన్ను కూడా. విల్మార్‌ని గట్టిగా కావలించుకుని ఏడ్చింది. అది చూసి అందరికంటే విల్మారే ఎక్కువ ఆశ్చర్యపోయాడు.

ఇప్పుడు దురాస్నోలో అక్క దగ్గరే ఉంటోంది. బోర్డు అనాయీ చూసుకుంటోంది. పోయిన నెల కొత్త క్లయింటు ఒకాయన ఏదో విచిత్రమైన స్టేటస్ కావాలని పట్టుబడితే, అనాయీకీ నాకూ మాట కలవలేదు. ఎల్బియా ఏమంటుందో కనుక్కుందామని ఫోన్ చేశాను. రెండేళ్ళ తర్వాత మాట్లాడుతున్నాం. ఆరోగ్యం అడిగాను, అక్కని అడిగాను, కన్ను ఎలా ఉందని అడిగాను. తర్వాత స్టేటస్ సంగతి చెప్పడం మొదలుపెట్టాను.

రెండు మాటలైనా పూర్తి కాకుండానే ఆమె అడ్డొచ్చింది.

"ఆగాగు," అంది ఎల్బియా. "ముందు ఇది చెప్పు. నువ్వే అడుగుతున్నావా, ఎవరైనా అడగమన్నారా?"